పిల్లి జాతికి తగిన దృఢమైన క్యాట్ ట్రీని ఎంచుకోవడం ఎలా

క్యాట్ ట్రీ అంటే పిల్లి ఎక్కి కూర్చోవడానికి, గీరుకోవడానికి స్తంభాలు, పీటలు అమర్చిన చెట్టు లాంటి సామాను. మేము మొట్టమొదట కొన్నదాని ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 11 కిలోలు. దాని అడుగు పలక 40 సెంటీమీటర్ల చదరం. ఫొటోలో ఠీవిగానే కనిపించింది. ఇంటికి తెచ్చి బిగించిన తరువాత చేత్తో కదిపితే కొంచెం ఊగిన మాట నిజమే గాని, పిల్లి బరువు పడితే అదే కుదురుకుంటుందని సరిపెట్టుకున్నాము. అప్పటికే 7 కిలోలు తూగుతున్న మా మెయిన్ కూన్ జాతి మగపిల్లి రెండో రోజు సాయంత్రం పై పీట మీది నుంచి కిటికీ గట్టు మీదికి దూకింది. పిల్లి కిటికీకి చేరింది, చెట్టు వెనక్కి ఒరిగి దభీమని నేల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ తరువాత అడుగున బరువు కట్టినా, గోడకు బిగించినా, పైన దానికి ఇష్టమైన దుప్పటి పరిచినా ఆ పిల్లి మళ్ళీ ఆ చెట్టు ఎక్కలేదు. బట్టల బీరువా పైభాగాన్నే తన స్థానంగా చేసుకుంది.

క్యాట్ ట్రీ విషయంలో పిల్లి మనకు ఒక్క అవకాశమే ఇస్తుందనుకుని కొనడం మంచిది. అంతస్తుల సంఖ్య, గూళ్ళు, వేలాడే బొమ్మలు, రంగు మన కంటికి నచ్చే అంశాలు. పిల్లి మాత్రం తాను కాలు మోపిన చోటు కదులుతోందా లేదా అన్నదే చూస్తుంది. ఎంత బరువైన పిల్లి ఎంత వేగంతో ఎటు దూకుతుందన్నది చాలావరకు జాతిని బట్టి ఉంటుంది కాబట్టి, జాతిని దృష్టిలో పెట్టుకుని కొనాలనడంలో అర్థం ఉంది. అయితే జాతి పేరు చూసేముందు ఇంట్లో ఉన్న పిల్లిని కొలవాలి.

కొలతలు

పిల్లిని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, తరువాత ఒంటరిగా నిలబడి, ఆ రెంటి తేడా తీసుకుంటే దాని బరువు తెలుస్తుంది. అది నిద్రపోతున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు వరకు టేపుతో కొలవాలి. పీట వైశాల్యానికి ఈ కొలతే ఆధారం. మూడో కొలతను చాలామంది వదిలేస్తారు. పిల్లి సోఫా పక్కనో తలుపు దగ్గరో నిలువునా ఒళ్ళు విరుచుకుంటూ గోళ్ళు గీరుకునేటప్పుడు దాని ముందు పంజాలు ఎంత ఎత్తుకు చేరుతున్నాయో చూసి గుర్తు పెట్టుకోవాలి. గీరుకునే స్తంభం అంతకంటే కనీసం ఒక జానెడు ఎక్కువ ఉండాలి. గీరుకోవడం అంటే గోళ్ళకు పదును పెట్టుకోవడం ఒక్కటే కాదు. పైపొర ఊడి కొత్త గోరు బయటపడుతుంది, వెన్ను, భుజాల కండరాలు సాగుతాయి, కాలివేళ్ళ మధ్య ఉండే గ్రంథుల వాసన ఆ చోట అంటుకుని ఇది తన స్థలమని చెబుతుంది. పొట్టి స్తంభం మీద ఒళ్ళు పూర్తిగా సాగదు. అప్పుడు పిల్లి తిరిగి సోఫా దగ్గరికే పోతుంది, అందుకు దాన్ని తప్పుపట్టలేము. మామూలు పరిమాణం గల పిల్లికి 80 నుంచి 90 సెంటీమీటర్లు సరిపోతాయి. మెయిన్ కూన్ వంటి పొడుగాటి పిల్లికి మీటరు దాటినా ఎక్కువ కాదు.

చెట్టు ఎందుకు పడుతుంది

పడిపోయిన మా చెట్టునే లెక్కకు తీసుకుందాము. దాని బరువు 11 కిలోలు. అడుగు పలక మధ్య నుంచి అంచు వరకు 20 సెంటీమీటర్లు. ఈ రెంటినీ గుణించి ఎత్తు 150తో భాగిస్తే సుమారు 1.5 వస్తుంది. అంటే పై అంచు దగ్గర పక్కకు ఒకటిన్నర కిలోల బలంతో నిలకడగా తోస్తే చాలు, ఆ చెట్టు ఒరుగుతుంది. 7 కిలోల పిల్లి కిటికీ వైపు దూకేటప్పుడు వెనక కాళ్ళతో తన్నే తన్ను అంతకంటే చాలా ఎక్కువ. అదే 150 సెంటీమీటర్ల ఎత్తున, 30 కిలోల బరువుతో, 70 సెంటీమీటర్ల అడుగు పలకతో మరో చెట్టు ఉందనుకుంటే ఆ అంకె 7 అవుతుంది. ఎత్తు ఏమాత్రం తగ్గించకుండానే స్థిరత్వం దాదాపు ఐదింతలు పెరిగిందన్నమాట. దూకుడు రెప్పపాటులో ముగిసే తాకిడి కాబట్టి ఈ లెక్క ఇంజనీరింగ్ కొలత కాదు గాని, రెండు మోడళ్ళను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు కనబడలేదు. వచ్చిన అంకె పిల్లి బరువుకు దగ్గరగా ఉంటే ఆ చెట్టును ఆలోచించవచ్చు. అందులో సగం కూడా లేకపోతే గోడకు బిగించే ఉద్దేశం ఉంటే తప్ప కొనకూడదు.

అమ్మకపు వివరణల్లో '50 కిలోల బరువు మోస్తుంది' అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది నిటారుగా పెట్టిన బరువును గురించిన మాట. చెట్టు ఒరిగిపోకుండా ఉంటుందన్న హామీ అందులో లేదు. పీటలు అడుగు పలక హద్దు దాటి బయటికి ఎంత చొచ్చుకు వచ్చాయో కూడా చూడాలి. పీట అడుగు పలకకు నేరుగా పైన ఉన్నంతవరకు పిల్లి బరువు చెట్టును కిందికి అదుముతూ నిలబెట్టడానికి సాయపడుతుంది. అంచు దాటి బయట ఉంటే అదే బరువు చెట్టును పడదోయడానికి సాయపడుతుంది. ఒక పక్కకు ఊయల వేలాడేసి, రెండో పక్క దానికి సరితూగే బరువేమీ లేకుండా తయారైన నమూనాలు భారీ పిల్లులకు పనికిరావు.

భారీ జాతులు

మెయిన్ కూన్ మగపిల్లులు సాధారణంగా 6 నుంచి 8 కిలోలు తూగుతాయి, కొన్ని అంతకు మించుతాయి. రాగ్‌డాల్ మగపిల్లులు 9 కిలోల వరకు పెరగగలవు. నార్వీజియన్ ఫారెస్ట్ క్యాట్, బ్రిటిష్ షార్ట్‌హెయిర్ కూడా బరువైనవే. వీటిలో చాలావాటికి పూర్తి ఎదుగుదల ఏడాదిలో రాదు. మెయిన్ కూన్ మూడు నుంచి ఐదేళ్ళ వరకు పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల ఆరు నెలల పిల్లను చూసి దానికి సరిపడే చెట్టు కొంటే, ఏడాది తిరిగేసరికి మళ్ళీ కొనవలసి వస్తుంది. పిల్ల తల్లిదండ్రుల బరువు తెలిస్తే దాన్ని బట్టి, తెలియకపోతే ఆ జాతి గరిష్ఠ బరువును బట్టి ఎంచుకోవాలి.

ఈ నాలుగు జాతులూ బరువులో దగ్గరగా ఉన్నా నడవడిలో వేరు. మెయిన్ కూన్, నార్వీజియన్ పిల్లులు నిజంగా చెట్లెక్కేవి. నార్వీజియన్ పిల్లి బలమైన గోళ్ళతో కాండాన్ని పట్టుకుని తల కిందుగా దిగగలదు. ఇలాంటి పిల్లికి స్తంభాన్ని నాలుగు కాళ్ళతో కావలించుకోగలిగే లావు ఉండాలి. 7 సెంటీమీటర్ల సన్నని గొట్టం కాక, 12 నుంచి 15 సెంటీమీటర్ల లావు స్తంభాన్ని వెతకాలి. రాగ్‌డాల్‌కు ఎత్తు మీద అంత మోజు ఉండదు. మనుషుల మధ్య, నడుము ఎత్తున, ఒళ్ళంతా వాల్చుకుని పడుకోవడమే దానికి సుఖం. దానికి 180 సెంటీమీటర్ల గోపురం కొనడం కంటే 100 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో రెండు విశాలమైన పీటలున్న బరువైన చెట్టు కొనడం వివేకం. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ గుండ్రంగా, బలిష్ఠంగా ఉంటుంది, గెంతడంలో తొందరపడదు. దానికి మెట్ల వంటి అమరిక కావాలి.

పీట విషయంలో భారీ పిల్లుల యజమానులు తరచు మోసపోతారు. చెట్టు పెద్దదే, పీటలు మాత్రం 30 సెంటీమీటర్లవి. అలాంటి పీట మీద మెయిన్ కూన్ కూర్చోగలదు గాని పడుకోలేదు. పడుకుంటే తల ఒక వైపు, వెనక కాళ్ళు మరో వైపు వేలాడతాయి. కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు, వీలైతే 50 నుంచి 60 పొడవు ఉన్న పీట ఒక్కటైనా ఉండాలి. అంచు చుట్టూ కొంచెం ఎత్తైన గట్టు ఉంటే నిద్రలో దొర్లినా పడిపోదు, పైగా వీపు ఆనించుకునేందుకు దాన్ని వాడుకుంటుంది. గూటి ద్వారం కూడా కొలవాలి. 18 సెంటీమీటర్ల రంధ్రంలో దూరడానికి ఈ జాతులు ఇబ్బంది పడతాయి. మా ఇంట్లో ఆ గూడు చివరికి బంతులు దాచే చోటుగా మిగిలింది.

చురుకైనవి, నెమ్మదైనవి

బెంగాల్ పిల్లి ఆసియా చిరుతపిల్లి అనే చిన్న అడవిపిల్లితో సంకరం చేసిన వంశం నుంచి వచ్చింది. బరువు 4 నుంచి 7 కిలోలే అయినా అది చెట్టు మీద వేసే తాకిడి రాగ్‌డాల్ కంటే ఎక్కువ, ఎందుకంటే అది ఎక్కదు, ఎగిరి పై పీట మీద వాలుతుంది. సవానా పిల్లి సంగతీ అంతే. అబిసీనియన్, సయామీ పిల్లులు సన్నగా, 3 నుంచి 5 కిలోల మధ్య ఉంటాయి గాని రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాయన్న మాట వీటిని చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. ఈ చురుకైన జాతులకు ఎత్తు నిజంగా అవసరం. 170 సెంటీమీటర్లకు తగ్గకుండా, పీటల మధ్య ఎడం 40 నుంచి 50 సెంటీమీటర్లు ఉండేలా, పైకి వెళ్ళడానికి కనీసం రెండు దారులు ఉండేలా చూడాలి. నేల నుంచి పైకప్పు వరకు బిగించే స్తంభాలు వీటికి బాగా నప్పుతాయి. పైకప్పు గట్టిదై ఉండాలి. సన్నని అలంకరణ పలకలతో వేసిన ఫాల్స్ సీలింగ్‌కు ఆ ఒత్తిడి పెట్టకూడదు. స్వేచ్ఛగా నిలబడే చెట్టయితే ఎంత బరువుదైనా గోడకు బిగించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

పర్షియన్ పిల్లి కాళ్ళు పొట్టివి, ముఖం చదునైనది. ఎక్కువ శ్రమపడితే ఊపిరి అందక ఆయాసపడే పిల్లులు ఈ జాతిలో తరచుగా ఉంటాయి. 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 20 నుంచి 25 సెంటీమీటర్లకు ఒక మెట్టు, లేదా వాలు బల్ల దానికి చాలు. పొడుగాటి వెంట్రుకలు మెత్తటి ఫర్ గుడ్డలో చిక్కుకుని ఉండలు కడతాయి కాబట్టి, నునుపైన గుడ్డతో, ఊడదీసి ఉతకగలిగే తొడుగులతో ఉన్నది తీసుకోవాలి. మంచ్‌కిన్ కాళ్ళు జన్యు కారణంగానే పొట్టివి. అది ఎక్కగలదు, కాని దిగేటప్పుడు ముందు కాళ్ళ మీద పడే భారాన్ని తగ్గించే మెట్లు అవసరం.

స్కాటిష్ ఫోల్డ్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చెవులను ముడిచే జన్యువే దాని కీళ్ళ మృదులాస్థినీ దెబ్బతీస్తుంది. నొప్పి చిన్న వయసులోనే మొదలు కావచ్చు. దానికి తక్కువ ఎత్తు, తక్కువ ఎడం, మెత్తటి పీట. ఎక్కడం తగ్గించిందంటే బద్ధకమని అనుకోకుండా పశువైద్యునికి చూపించాలి. స్ఫింక్స్‌కు వెంట్రుకలు లేవు కాబట్టి వెచ్చని గూడు కావాలి. దాని చర్మం మీది జిడ్డు గుడ్డకు అంటుకుంటుంది కనుక ఉతకడానికి వీలులేని చెట్టు నాలుగు నెలల్లో మరకల మయమవుతుంది.

జాతి తెలియని మామూలు ఇంటి పిల్లులకు, నిజానికి ఎక్కువ ఇళ్ళలో ఉండేవి ఇవే, పై మాటల్లో ఏది వర్తిస్తుందో వాటి అలవాటే చెబుతుంది. పిల్లి ఇప్పటికే ఫ్రిజ్ మీద, బీరువా మీద పడుకుంటోందంటే దానికి ఎత్తు కావాలి. మంచం కింద, అట్టపెట్టెలో కనిపిస్తోందంటే కింది అంతస్తులో గూడు కావాలి.

వయసు మీద పడితే జాతి లక్షణాలన్నీ వెనక్కి పోతాయి. 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్-రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ళ అరుగుదల గుర్తులు కనిపించాయి. నిన్నటిదాకా ఒక్క గెంతులో పైకి వెళ్ళిన బెంగాల్ పిల్లికి కూడా అప్పుడు మధ్యలో ఒక మెట్టు అదనంగా అమర్చవలసి వస్తుంది. అందుకే పీటల స్థానం మార్చుకోగలిగే నిర్మాణానికి కొంత ఎక్కువ ఖర్చు పెట్టినా వృథా కాదు.

కలప, గొట్టం, తాడు

గుడ్డ కింద ఏముందో కంటికి కనబడదు, అసలు తేడా అక్కడే ఉంటుంది. చవక నమూనాల్లో పలకలు పార్టికల్ బోర్డువి, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసినవి. వాటిలో స్క్రూను రెండుమూడు సార్లు తీసి బిగిస్తే రంధ్రం అరిగి పట్టు పోతుంది, తడి తగిలితే పలక ఉబ్బుతుంది. 15 నుంచి 18 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ గాని, గట్టి కలప గాని మేలు. ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) బరువుగా ఉంటుంది కాబట్టి అడుగు పలకకు పనికివస్తుంది, కాని అంచుల్లో స్క్రూ బాగా నిలవదు. స్తంభాల్లో అట్ట గొట్టం అనగానే తీసిపారేయనక్కరలేదు. మందంగా చుట్టిన అట్ట గొట్టం నిలువు బరువును బాగానే మోస్తుంది. విఫలమయ్యేది దాని చివర, బోల్టు బిగించే చోట. గొట్టం చివరలో చెక్క బిళ్ళ, అందులో లోహపు మరలు ఉన్నాయా, లేక పలుచని ప్లాస్టిక్ మూతే ఉందా అన్నది అడిగి తెలుసుకోవాలి. బోల్టు 8 మిల్లీమీటర్లదైనా ఉండాలి, భారీ పిల్లులకైతే 10. బరువు, అడుగు పలక కొలత, స్తంభం లావు, పలక మందం, ఈ నాలుగూ వివరణలో ఇవ్వని తయారీదారు ఇవ్వకపోవడానికి కారణం సాధారణంగా ఆ అంకెలు చెప్పుకోదగ్గవి కాకపోవడమే.

గీరుకునే స్తంభానికి కిత్తనార తాడు, అంటే సైసల్, మంచిది. నూనె పట్టించని తాడు తీసుకోవాలి, వాసన ఉండదు. కొక్కేల మాదిరి దారపు ఉచ్చులున్న కార్పెట్ చుట్టిన స్తంభాల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. స్టేపుల్ పిన్నులు బయటికి పొడుచుకు వచ్చాయేమో అరచేతితో తడిమి చూడాలి. ఇక ఎలాస్టిక్ దారానికి వేలాడే ఈకల బొమ్మలను, ఎంత ముద్దుగా ఉన్నా, పెట్టె విప్పిన రోజే కత్తిరించి తీసేయడం మా ఇంట్లో నియమం. పిల్లి మింగిన దారం పేగులను ముడుచుకుపోయేలా చేసి కోయగలదు. శస్త్రచికిత్స దాకా వెళ్ళే ప్రమాదం అది.

బిగింపు, స్థానం, పరిచయం

బిగించేటప్పుడు మొదట అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, చెట్టు నిటారుగా నిలిచిందని చూసుకుని, అప్పుడు కింది నుంచి పైకి వరుసగా గట్టిగా బిగించాలి. ఒక్కో బోల్టునూ మొదటే పూర్తిగా బిగిస్తే పై స్తంభాలు సరిగా కుదరవు. తరువాత మనమే పరీక్షించాలి. పై పీటను పట్టుకుని పిల్లి దూకే దిశకు ఎదురుగా గట్టిగా తోసి, అడుగు పలక అంచు నేల నుంచి లేస్తోందేమో చూడాలి. లేస్తే గోడకు ఎల్ ఆకారపు బ్రాకెట్టుతో బిగించాలి. సున్నపు పూతలో కాక ఇటుకలోకో కాంక్రీటులోకో దిగే ప్లగ్గు వాడాలి. మందమైన తివాచీ మీద ఎంత మంచి చెట్టైనా ఊగుతుంది. వారం తరువాత ఒకసారి, ఆ పైన నెలకొకసారి బోల్టులు సరిచూడాలి.

ఎవరూ రాని మూల గదిలో పెట్టిన చెట్టు మీద పిల్లి కూడా ఉండదు. ఇంటివారు కూర్చునే గదిలో, కిటికీ పక్కన పెట్టడం ఉత్తమం. కిటికీ తెరిచి ఉంచే అలవాటు ఉంటే గట్టి జాలీ తప్పక ఉండాలి. ఒకటికి మించి పిల్లులున్న ఇంట్లో ఒకే పెద్ద చెట్టు కంటే వేర్వేరు చోట్ల రెండు మధ్యస్థమైనవి మేలు. పిల్లుల వైద్యుల సంఘాలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫెలైన్ ప్రాక్టీషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ కలిసి 2013లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ప్రతి పిల్లికీ సురక్షితమైన చోటు ఉండాలనీ, తిండి, నీళ్ళు, పడక వంటి వనరులు ఒకదానికొకటి దూరంగా ఉండాలనీ చెబుతాయి. ఒకే దారి ఉన్న పై పీటను బలమైన పిల్లి ఆక్రమిస్తుంది, లేదా బలహీనమైన పిల్లి అక్కడ చిక్కుకుపోతుంది.

కొత్త చెట్టు మీదికి పిల్లిని ఎత్తి కూర్చోబెట్టకూడదు. అది పడుకునే దుప్పటిని కింది పీట మీద పరిచి, పక్కన ఆడించి వదిలేస్తే చాలు. క్యాట్‌నిప్ అనే పిల్లులను ఆకర్షించే ఎండు ఆకును చల్లవచ్చు గాని దానికి స్పందించే గుణం వంశపారంపర్యంగా వచ్చేది. సుమారు మూడింట ఒక వంతు పిల్లులకు అది పట్టనే పట్టదు, చిన్న పిల్లికూనలకు అసలే పట్టదు.

మంచి చెట్టులో మొదట అరిగేది తాడే, దాన్ని మనమే మార్చుకోవచ్చు. 10 సెంటీమీటర్ల లావు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న స్తంభానికి 8 మిల్లీమీటర్ల తాడు 75 చుట్లు పడుతుంది. చుట్టుకు 34 సెంటీమీటర్ల చొప్పున దాదాపు 26 మీటర్లు. కొసలకు కలిపి 27 కొనాలి. కింది నుంచి మొదలుపెట్టి, ప్రతి నాలుగైదు చుట్లకూ సుత్తితో కిందికి మెల్లగా తట్టి సందు లేకుండా బిగిస్తూ, రెండు కొసల దగ్గర మాత్రం విషరహితమైన జిగురు వాడాలి. పాత తాడులో ఒక జానెడు ముక్కను తీసి కొత్త చుట్ల మధ్య దోపితే, దానిలో తన పంజా వాసన ఉంటుంది కనుక పిల్లి ఆ స్తంభాన్ని తనదిగానే గుర్తుపడుతుంది. వారం రోజులయ్యాక ఆ ముక్కను తీసేయవచ్చు.